వెనక చక్రానికి ఇంకొక్క తిప్పు

సింధు బిగించిన మూతను ఆ ఇంట్లో సింధు తప్ప ఇంకొకరు తియ్యలేరు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి తెలియక వినోద్ కుమార్ గోంగూర పచ్చడి సీసాతో కుస్తీ పట్టాడు. తువ్వాలు చుట్టి తిప్పాడు, తలుపు సందులో పెట్టి తిప్పాడు, వేడినీళ్ళలో ముంచి తిప్పాడు. చివరికి అరచేతులు ఎర్రబడి, ఉత్త మజ్జిగన్నం తిని పనికి పోయాడు. ఆమె కట్టేసిన కొళాయి విప్పాలంటే ప్లంబరు రావాలి. ఆమె బిగించిన కుక్కరు పిడి స్క్రూకి తల ఊడింది గానీ స్క్రూ ఊడలేదు.

కూతురు పుట్టాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. కెజియాకి ఇంకా ఏడాది నిండలేదు. ఉయ్యాల కొక్కెం, ఫ్యాను రెక్క, కిటికీ గొళ్ళెం, లోకంలో ఊడడానికి వీలున్నవన్నీ సింధు కళ్ళకు ఊడిపోతున్నట్టే కనిపించేవి. అన్నిటికంటే ఎక్కువగా ఆమెను భయపెట్టేది వినోద్ బండి. దుగ్గిరాల కోల్డ్ స్టోరేజీలో అతనికి ఉద్యోగం. తెనాలి నుంచి రోజూ బండి మీదే వెళ్ళి వస్తాడు. ఆదివారం ఆరాధనకి, రేపల్లెలో ఉన్న సింధు పుట్టింటికి, పాపకి టీకా వేయించడానికి, దేనికైనా ఆ బండే. అది సందు మలుపు తిరిగి లోపలికి వచ్చిన చప్పుడు వినబడేదాకా సింధు మిషను మీద కుట్టే జాకెట్టు కుట్లు వంకరగానే పడేవి.

అలాంటి బండికి కొత్త చైను, పళ్ళ చక్రాలు వెయ్యడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం రేపల్లె నుంచి ఆమె తమ్ముడు ఆదాము వచ్చాడు. వాడు బాపట్లలో బాలస్వామి అనే పెద్ద మెకానిక్ దగ్గర పని నేర్చుకున్నాడు. బాలస్వామికి మోకాళ్ళు పట్టేసి గొంతుక్కూర్చోలేని స్థితి వచ్చింది. షెడ్డు వాడికే అప్పగించాలన్న ఆలోచనలో ఉన్నాడని రేపల్లెలో అందరికీ తెలుసు. వాడి తల్లి ఏసమ్మ ఆ షెడ్డు కోసం ప్రతి ఆదివారం ప్రార్థన చేయిస్తోంది.

వినోద్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బావమరిది పని చేస్తుంటే బావ ఊరుకోవడం ఎక్కడా లేదు.

"ఏం ఆదామూ, నట్లన్నీ పెడతావా, రెండు మిగుల్చుకుని రేపల్లె పట్టుకుపోతావా?"

"మిగిల్తే పోగేసి అక్కకి గొలుసు చేయిస్తాలే బావా. నువ్వెట్టాగూ చేయించవు."

"చూశావా, నోటికి బిగువు లేదు వీడికి. ఇంక చైనుకేం పెడతాడు!"

ఆదాము నవ్వుతూనే సంచిలోంచి పొడుగు పిడి ఉన్న ఒక పానాను, పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో బయటికి తీశాడు. బాలస్వామి షెడ్డుకి కొత్తగా తెప్పించినదట. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. వీడికి ఇచ్చాడు.

"టార్కు రెంచి అంటారక్కా దీన్ని. ఏ నట్టు ఎంత బిగవాలో పిడి మీద ముందే పెట్టేస్తాం. అంత బిగువు రాగానే టిక్కు అంటది. అన్నాక ఆపెయ్యాలి."

పాపను చంకన వేసుకుని సింధు దగ్గరికి వచ్చి చూసింది. ఆదాము వెనక చక్రం ఇరుసుకున్న పెద్ద నట్టుకి దాన్ని తగిలించి మెల్లగా లాగాడు. టిక్. వెంటనే చెయ్యి తీసేశాడు.

"అంతేనా?" అంది సింధు.

"అంతే."

"పళ్ళు కూడా బిగపట్టలేదు గదరా నువ్వు!"

"పళ్ళతో పనేంటక్కా, పానా ఉండగా?"

"ఇంకొక్క తిప్పు తిప్పరా. పాపనెక్కించుకుపోయే బండి."

"అక్కర్లేదు."

సింధు వంగి చూసింది. కింద చైను వేలాడుతోంది. ఆదాము వేలు పెట్టి పైకి అంటే పైకి, కిందికి అంటే కిందికి ఊగుతోంది.

"కొత్త చైను గదరా, పాతదాని లాగే వేలాడుతుందేంటి?"

"అంత ఉండాలి."

"ఎందుకుండాలి?"

"అంతే అక్కా. నీకు తెలీదులే."

సింధు పాపను ఇంకో చంకకు మార్చుకుంది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి కుట్టుమిషను ఎక్కిన రోజు నుంచి ఆ మాట ఎంతమంది నోట విన్నదో! ఆసుపత్రిలో విన్నది, బ్యాంకులో విన్నది, కట్టుకున్న మొగుడి నోట వారానికోసారి వింటోంది. తెలీకపోతే చెప్పవచ్చుగా? చెప్పరు. నీకు తెలీదు అని మాత్రం చెబుతారు.

ఆదాము కోడికూర తిని సాయంత్రం రైలుకి రేపల్లె పోయాడు. మర్నాడు పొద్దున్నే వినోద్ స్నానానికి వెళ్ళగానే సింధు బండి పెట్టెలోని పాత పానా తీసింది. ఆ పానా పిడి మరీ పొట్టిది. మునుపు ప్లంబరు వదిలేసి వెళ్ళిన ఇనప గొట్టం ముక్క ఒకటి పెరట్లో ఉంది. దాన్ని పిడికి తొడిగింది. బండి ప్రహరీ గోడకు ఆనించినట్టుగా పెట్టి ఉంటుంది కాబట్టి వరండా వైపు నట్టే చేతికి అందుతుంది. కాలు చక్రానికి తన్నిపెట్టి, ఊపిరి బిగపట్టి, పచ్చడి సీసాకి పెట్టే బలమంతా దానికి పెట్టింది. నట్టు కిర్రుమంటూ కదిలింది. సింధు గుండె మాత్రం కుదుటపడింది. ఆ రోజు ఆమె కుట్టిన జాకెట్ల కుట్లు గీత గీసినట్టు వచ్చాయి.

నాలుగు రోజులు పోయాక బండి మూలగడం మొదలుపెట్టింది. సందు మొదట్లో సన్నగా ఊఁ అని ఎత్తుకుని, ఇంటి ముందుకు వచ్చేసరికి ఎవరో పళ్ళ నొప్పితో ఏడుస్తున్నట్టు పెద్ద రాగం తీసేది. వీధి కుక్కలు తలలెత్తి బదులు పలికేవి. ఆదాము వచ్చి చూశాడు. వేలు ఆడించే చోటు లేకుండా చైను తీగలా బిగిసి ఉంది. పెద్ద నట్టు విప్పడానికి వాడికి చెమటలు పట్టాయి. తను బిగించిన బిగువు ఇది కాదని వాడికి అనుమానం రాకపోలేదు. బావే ఇంకో మెకానిక్ చేత బిగింపించాడేమో! కానీ బావని నిలదీసి అడిగేదెట్టా? అక్క మొగుడు. వాడు మారు మాట్లాడకుండా మళ్ళీ సరిగ్గా పెట్టి, మళ్ళీ టిక్కు అనిపించి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం సింధు మళ్ళీ గొట్టం తీసింది. రెండోసారి ఊడదీసి పెట్టినది కాబట్టి ఇంకా వదులైపోయి ఉంటుందని ఆమె లెక్క. వారం తిరక్కుండా బండి మళ్ళీ ఏడుపు లంకించుకుంది.

ఆ తరువాతి ఆదివారం రేపల్లెలో సింధు తండ్రి బర్నబాస్ ఇంట్లో భోజనాలు. బంధువులంతా వరసగా కూర్చున్నారు. ఏసమ్మ రొయ్యల వేపుడు వడ్డిస్తోంది. వినోద్ విస్తరి ముందు కూర్చుని బావగారి హక్కు పూర్తిగా వాడుకున్నాడు.

"మా ఆదాము చైను పెట్టాక నాకు హారన్ ఖర్చు తప్పిందండీ. దుగ్గిరాలలో ఉండగానే బండి కూత తెనాలిలో వినపడుద్ది. మీ అమ్మాయి కూత విని బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుద్ది, నేను చేరేసరికి అన్నం ఉడికి ఉంటది!"

అందరూ పొలమారేట్టు నవ్వారు. ఆదాము కూడా నవ్వాడు, కలిపిన ముద్ద నోటికి పోకుండా చేతిలోనే ఉండిపోయింది. సింధు మాత్రం తలెత్తలేదు. పాప నోట్లో మెతుకులు పెడుతూ, ఆ మెతుకుల్నే చూస్తూ కూర్చుంది. ఆ వరసలో బాపట్ల నుంచి వచ్చిన బంధువొకాయన ఉన్నాడు. జోకు ఆయనతో పాటు బస్సెక్కి బాపట్ల చేరింది.

రెండు రోజులకు సింధుకి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, బాలస్వామి బాబాయి షెడ్డు ఇవ్వనంటున్నాడు."

"అదేంట్రా! ఎందుకు?"

"సొంత బావ బండికి చైను పెట్టలేనోడు ఊళ్ళోవాళ్ళ బళ్ళకేం పెడతాడన్నాడు. శనివారం ఆ బండి తీసుకురమ్మన్నాడు. ఆయనే చూస్తాడంట. పని బాగోలేదంటే షట్టరు దించి సెల్‌ఫోన్ కొట్టోళ్ళకి ఇచ్చేస్తాడంట. నా చేతిలోనే ఏదో తేడా ఉందక్కా. రెండుసార్లు సరిగ్గానే పెట్టా. రెండుసార్లూ చెడింది."

వాడు తిట్టినా సింధుకి బాగుండేది. నువ్వేమైనా ముట్టుకున్నావా అని అడిగినా బాగుండేది. వాడు తన చేతినే తప్పు పట్టుకుంటున్నాడు. చెబుదామనుకుంది. చెబితే వినోద్‌కి తెలుస్తుంది. తెలిస్తే, బర్నబాస్ ఇంట్లో ప్రతి భోజనానికీ, పాప పెళ్ళి భోజనాల దాకా, ఈ గొట్టం కథే కూర అవుతుంది. పాప ఏడ్చిందని చెప్పి ఫోన్ పెట్టేసింది. పాప హాయిగా నిద్రపోతోంది.

శనివారం వినోద్ సెలవు పెట్టాడు. చేబ్రోలు మీదుగా పొన్నూరు దారి పట్టారు. పాప ఇద్దరి మధ్యా కూర్చుని బండితో పాటు తనూ ఊఁ ఊఁ అని రాగం కలుపుతోంది. సింధు దారి పొడుగునా ధైర్యం కూడగట్టుకుంటూనే ఉంది. మొగుడికి ముందుగా చెప్పేస్తే సగం బరువు దిగిపోతుంది.

"ఏవండీ!"

"ఏంటీ?"

"అది కాదండీ, ఆ చైను..."

"టైమా? పదైంది!"

"చైనండీ! ఆ నట్టు..."

నట్టు అన్న మాట వినగానే వినోద్ గబుక్కున బ్రేకు తొక్కాడు. వెనక వచ్చే ఆటోవాడు ఇంటిపేరుతో సహా తిట్టి పక్కనుంచి పోయాడు.

"ఎక్కడ? ఊడిందా? ఎక్కడ పడింది?" వినోద్ దిగి రోడ్డు మీద వెతుకుతున్నాడు.

అతని మొహంలో కంగారు చూడగానే సింధు కూడగట్టుకున్నదంతా కాలవలో కలిసిపోయింది.

"ఏం లేదండీ, పాపకి ఎండ కొడుతుందంటున్నా."

"దానికి నట్టెందుకే మధ్యలో!"

వినోద్ విసుక్కుంటూ బండెక్కాడు. ఎక్కబోయే ముందు మాత్రం వెనక చక్రం దగ్గర వంగి ఒకసారి తడిమి చూసుకున్నాడు. సింధు ఎండకి కొంగు అడ్డం పెట్టుకునే హడావుడిలో దాన్ని పట్టించుకోలేదు.

బాపట్లలో బాలస్వామి షెడ్డు ముందు ఆదాము చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బాలస్వామి పొట్టి మనిషి, కళ్ళజోడు తాడుతో మెడకు వేలాడుతోంది. ఇనప స్టూలు మీద మోకాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. బండిని డబుల్ స్టాండు వేయించాడు. చక్రం తిప్పమని విన్నాడు. చైను కింద వేలు పెట్టి పైకి నొక్కాడు. అది కదలలేదు. తరువాత స్టూలు జరుపుకుని చక్రానికి అవతలి వైపు చూశాడు, మళ్ళీ ఇవతలి వైపు చూశాడు.

"బండి ఇంట్లో గోడవారన పెడతారా?" అన్నాడు వినోద్‌తో.

"అవునండి. మీకెట్టా తెలుసండీ?"

"చైను లాగే నట్లు అటొకటి ఇటొకటి ఉంటాయి. రెండూ సమానంగా తిప్పితేనే చక్రం తిన్నగా ఉంటది. ఈ పక్క నట్టుని ఊరంతా తిప్పినట్టున్నారు. ఆ పక్కదాన్ని పలకరించిన పాపాన పోలేదు. చక్రం మూతి వంకర పెట్టుకుని కూర్చుంది." బాలస్వామి శిష్యుడి వైపు తిరిగాడు. "ఏరా, ఇది నీ చెయ్యేనా?"

ఆదాము బావ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"నేనే పెట్టానండి."

"అయితే షెడ్డు మాట మర్చిపో."

"నేనండీ!"

షెడ్డులో అందరూ తిరిగి చూశారు. సింధు పాపను గట్టిగా అదుముకుంది. నోట్లోంచి మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "వాడు బాగానే పెట్టాడండీ. టిక్కు కూడా అందండీ. ఆ పెద్ద నట్టు నేనే బిగించాను. గొట్టం తొడిగి బిగించాను. రెండుసార్లు. వాడికేం తెలీదండి."

వినోద్ కళ్ళు పెద్దవి చేసి పెళ్ళాం వైపు చూశాడు. తరువాత చేతిలోని హెల్మెట్ కింద పెట్టి, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"గొట్టం తొడిగి! ఓరి నాయనో! ఒరేయ్ ఆదామూ, మీ అక్కని షెడ్డులో పెట్టుకోరా, లారీ టైర్లు విప్పుద్ది!"

"మీరాగండి," అన్నాడు బాలస్వామి. "పెద్ద నట్టు అమ్మాయిది. సరే. మరి చైను లాగే ఈ చిన్న నట్టెవరు తిప్పారు?"

"దాని జోలికి నేను పోలేదండీ. అది ఎందుకుందో కూడా నాకు తెలీదు," అంది సింధు.

వినోద్ నవ్వు సగంలో ఆగింది. అతను హెల్మెట్ తీసి దాని అద్దం తుడవడంలో పడ్డాడు.

"ఏవండీ?" అంది సింధు.

"రోజూ కాదే," అన్నాడు వినోద్ అద్దంలోకి చూస్తూ. "అప్పుడప్పుడు. పొద్దున బయల్దేరేటప్పుడు... చిన్న తిప్పు. కొంచెమే. వీడు పెట్టినప్పుడు వదులుగా కనపడింది. పాప ఎక్కుద్ది గదా అని."

"మీరా! రేపల్లెలో అంతమంది ముందు వాణ్ణి..." చంకన పాప లేకపోతే సింధు ఏం చేసేదో!

"ఇద్దరేనా?" బాలస్వామి కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పెద్ద నట్టు వదులు చెయ్యకుండా చిన్నది తిప్పితే చైను ఇంతగా సాగదు. ఎవరో తెలిసినోడే పెద్దది వదులు చేసి, చైను బాగా లాగి, మళ్ళీ బిగించాడు. అదీ ఒక పక్కే. తెలిసీ తెలియనోడు. ఎవరమ్మా ఆ మూడో చెయ్యి?"

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి మేడ మీద ఉండే ఇంటి ఓనరు వెంకట్రామయ్య గుర్తొచ్చాడు. ఆయన గేటు, మోటారు, మీటరు బోర్డు, అన్నీ సొంతంగా బాగుచేసుకుంటాడు. ఆయన బాగుచేశాక అన్నిటికీ మనిషిని పిలుస్తారు. వినోద్ ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"ఆఁ, నేనే," అంది ఫోన్. "వాకింగుకి పోతూ చూస్తే చైను వేలాడుతుంది. పసిపిల్ల తిరిగే బండి, ఎవరూ పట్టించుకోరేంటని నేనే లాగి పెట్టాను. అదేంటో, నేను లాగిన నాలుగు రోజులకల్లా మళ్ళీ వేలాడుతూ కనపడింది. మళ్ళీ లాగాను. ఇంతకీ థాంక్సు చెప్పడానికి ఇప్పుడా తీరిక దొరికింది?"

"థాంక్సండీ," అన్నాడు వినోద్ నీరసంగా, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బాలస్వామి నవ్వుకి స్టూలు కిర్రుకిర్రుమంది. ఆదాము మొహం వెలిగిపోయింది.

"అయితే నా తప్పేం లేదుగదండీ!"

"తప్పంతా నీదే."

"నాదా!"

"ముగ్గురు మూడు పానాలు పట్టుకుని నీ వెనకే పడ్డారంటే ఏంటర్థం? నీ పని వాళ్ళకి నచ్చలేదని. అంత వదులు ఎందుకుండాలో అడిగితే ఏం చెప్పావు?"

ఆదాము మెడ గోక్కున్నాడు. "అంతే అన్నానండి."

"నీకు తెలీదులే అని కూడా అన్నాడండి," అంది సింధు. చెప్పక చెప్పక ఆ ఒక్కటీ చెప్పేసింది.

"విన్నావా? ఇప్పుడు చెప్పు. మీ అక్కకి అర్థమయ్యేట్టు చెప్పు. చెప్పి, మళ్ళీ బిగించు. ఆమె భయం లేకుండా పాపనెత్తుకుని ఈ బండెక్కితే షెడ్డు నీది. ఎక్కకపోతే సెల్‌ఫోనోళ్ళది. అమ్మాయ్, నీకు మొహమాటం వద్దు. తమ్ముడని ఎక్కబాకు."

"ఎక్కనండి," అంది సింధు. అక్కగా కాదు, తల్లిగా అంది.

ఆదాము పాడైన పెద్ద నట్టు తీసి కొత్తది పెట్టాడు. రెండు వైపులా గీతలు చూసుకుంటూ చక్రం తిన్నగా చేశాడు. చైను మళ్ళీ ఊగేట్టు పెట్టాడు. అక్క మొహం మళ్ళీ ముడుచుకుంది. వాడు ఏదో మొదలుపెట్టి, మిల్లీమీటర్లు అని, ఆగిపోయాడు. ఇటూ అటూ చూశాడు.

"అక్కా, ఇట్టా కూర్చో. చైను కింద వేలు పెట్టు. బావా, స్టాండు తీస్తా, నువ్వు పాపనెత్తుకుని ఎక్కు. బాబాయిగారూ, మీరు వెనకెక్కండి."

"నేనా? నా మోకాళ్ళు!"

"మా అక్క ఎక్కే చోటండి అది. మీరూ ఆమె ఒకే బరువు."

షెడ్డు ముందు జనం పోగయ్యారు. పక్క టీకొట్టు ఆయన గ్లాసులు కడగడం ఆపి చూస్తున్నాడు. వినోద్ ఎక్కాడు, పాప హారన్ నొక్కింది, బాలస్వామిని ఇద్దరు పట్టుకుని వెనక సీటు మీద కూర్చోబెట్టారు. ఆదాము బండి హ్యాండిలు పట్టుకుని నిలబెట్టాడు. కింద కూర్చున్న సింధు వేలి మీద చైను మెల్లగా బరువెక్కింది.

"ఒరేయ్! బిగిసిందిరా!"

"ఎంత?"

"ఇందాక ఊగింది. ఇప్పుడు సగం కూడా లేదు. ఎవరూ నట్టు తిప్పలేదుగా!"

"మనుషులు ఎక్కితే బండి వెనక భాగం కిందికి కూర్చుంటది. అప్పుడు చైను దానంతటదే బిగుస్తది. గుంటలో పడితే ఇంకా బిగుస్తది. ఖాళీ బండికే నువ్వు లాగి పెట్టేస్తే, మీ ముగ్గురూ ఎక్కాక అది ఎటు పోవాలి? పోవడానికి చోటు లేక ఏడుస్తది. ఆ లాగుడికి బేరింగులు పోతాయి, పళ్ళు పోతాయి. ఆఖరికి చైనే తెగుద్ది."

సింధు వేలు తియ్యకుండా ఆలోచించింది. మనిషి చేతులు దించి నిలబడి ఉండగా చంక కింద అతికినట్టు జాకెట్టు కుడితే ఏమవుతుంది? బస్సులో పైన కమ్మీ పట్టుకోగానే పర్రుమని చిరుగుతుంది. అందుకే కొలత కంటే వేలెడు ఎక్కువ వదలాలి. ఇంకా టైటుగా కుట్టవే అని అడిగే కాలేజీ పిల్లల్ని తను ఎన్నిసార్లు తిట్టలేదు!

"చంక కింద వదులు లాంటిదన్నమాట," అంది.

"అదే అక్కా! సరిగ్గా అదే!" అన్నాడు ఆదాము. చంక కింద వదులంటే ఏంటో వాడికి తెలియదు. అయినా అక్క మొహంలో ముడి విడడం చూశాడు.

"మరి నట్టుకి వదులెందుకురా? నట్టు ఊడితే?"

"నట్టుకి వదులు లేదక్కా. అందుకే టిక్కు దాకా బిగించాలి. అది దాటి బిగిస్తే లోపల మర సాగిపోద్ది. సాగిన మరకి పట్టుండదు. ఇదిగో చూడు." వాడు తీసేసిన పాత నట్టును ఆమె అరచేతిలో పెట్టాడు. లోపలి మరల అంచులు నలిగి, నమిలిన చెరుకు పిప్పిలా ఉన్నాయి. "ఇంకొక్కసారి గొట్టం తొడిగుంటే దారిలో ఊడేది."

సింధు ఆ నట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. ఊడకూడదని తను పెట్టిన బలమే దాన్ని ఊడేదాకా తెచ్చింది. ఆ బండి మీదే పాప ఆరాధనకి పోయి వచ్చింది, రేపల్లె పోయి వచ్చింది, ఇందాక ఇక్కడికీ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తుందేమోనని వినోద్ కంగారుగా బండి దిగబోయాడు. వెనక బాలస్వామి, నన్ను దించి దిగండయ్యా అని అరిచాడు.

"ఇటియ్యి," అని సింధు చెయ్యి చాపింది. ఆదాము ఒక్క క్షణం తటపటాయించి టార్కు రెంచి ఆమె చేతికిచ్చాడు.

బాలస్వామిని దించి స్టూలు మీద కూర్చోబెట్టి, బండికి మళ్ళీ స్టాండు వేశాక సింధు దాని ముందు మోకాలి మీద కూర్చుంది. పిడి పట్టుకుని లాగింది. నట్టు తిరిగింది, బిగువెక్కింది. టిక్.

చేతులు ఆగలేదు. ఆగనని మొండికేశాయి. ఇంకొక్క తిప్పు, ఒక్కటంటే ఒక్కటి, అని మోచేతుల దాకా నరాలు లాగాయి. అందరూ ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. సింధు కళ్ళు మూసుకుని, పిడి మీద నుంచి వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది. రెంచి తమ్ముడికి ఇచ్చేసింది. గబగబా వెళ్ళి పాపను మొగుడి చేతిలోంచి తీసుకుంది, చేతులకి ఏదో ఒక పని ఉండాలి గదా అని.

"శభాష్," అన్నాడు బాలస్వామి. మోకాళ్ళు పట్టుకుని లేచి బండి దగ్గరికి వచ్చాడు. చైను ఆడించి చూశాడు, చక్రం తిప్పి చూశాడు. చప్పుడు లేకుండా తిరిగింది. తృప్తిగా తల ఊపాడు. ఊపుతూనే చొక్కా జేబులోంచి అరిగిన పాత పానా తీసి, ఏదో ఆలోచిస్తూ, పెద్ద నట్టుకి తగిలించాడు. "ఏదీ, ఇంకొక్క..."

"బాబాయిగారూ!"

సింధు కేకకి టీకొట్టు ఆయన చేతిలో గ్లాసు జారింది. ఆమె పాపను చంకకు మార్చుకుని బాలస్వామి చేతిని పట్టుకుంది. అది పచ్చడి సీసా పట్టు. విడిపించుకోవడం ఆయన వల్ల కాలేదు.

"టిక్కందండీ!"

బాలస్వామి తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. నట్టు మీదికి అది ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు.

"నలభై ఏళ్ళ చెయ్యమ్మా ఇది. చెబితే వినదు."

"వినకపోతే దానికి పానా ఇవ్వకండి," అంది సింధు. పానా లాక్కుని ఆదాము చేతిలో పెట్టింది. "ఒరేయ్, ముందు ఇది నీ దగ్గర పెట్టుకో. షెడ్డు తాళం సంగతి తర్వాత."

"మరి ఎక్కుతావా అక్కా?" అన్నాడు వాడు.

సింధు పాపకి టోపీ సరిచేసింది. చీర కుచ్చిళ్ళు చక్రానికి తగలకుండా దగ్గరికి లాక్కుంది. వినోద్ భుజం మీద చెయ్యి వేసి బండెక్కి కూర్చుంది.

"పోనివ్వండి," అంది. "పోయేటప్పుడు మాట్లాడకండి. చప్పుడు వినాలి నేను."

బాలస్వామి షట్టరు తాళం కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు.